సీసా లేని క్లాసులో పోర్ట్ వైన్

నేను పాఠాలు చెప్పినన్నాళ్ళూ మా క్లాసులోకి నిండు వైన్ సీసా ఒక్కటి కూడా రాలేదు. అయినా వైన్ పాఠం చెప్పడమే నా ఉద్యోగంలో సగం.

హనుమాన్ జంక్షన్ నుంచి నూజివీడు వచ్చే దారిలో ఉన్న ఒక ప్రైవేటు హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలో నేను రిటైరయ్యేదాకా పనిచేశాను. టేబుల్ ఎలా వేయాలి, నాప్‌కిన్ ఎలా మడవాలి, సూప్ ఏ వైపు నుంచి వడ్డించాలి, వైన్ ఎలా పోయాలి, ఇవీ నా పాఠాలు. విజయవాడ హోటళ్ళ నుంచి ఖాళీ సీసాలు తెప్పించి, కడిగి, వాటిలో రంగునీళ్ళు నింపేవాళ్ళం. ఎర్ర వైన్‌కి ద్రాక్ష స్క్వాష్, తెల్ల వైన్‌కి పల్చటి టీ, టానీ పోర్ట్ అనే గోధుమ రంగు వైన్‌కి చిక్కటి డికాషన్. పిల్లలు ఆ డికాషన్‌ని ఎంతో మర్యాదగా వంగి గ్లాసులో పోసేవారు. పోశాక నవ్వు ఆపుకోలేకపోయేవారు.

ఊళ్ళో నా ఉద్యోగం గురించి చెప్పడం కొంచెం ఇబ్బందిగానే ఉండేది. మాది రెడ్డిగూడెం. మా నాన్నగారు బడిపంతులు, చర్చిలో పెద్ద. మా చర్చిలో ప్రభురాత్రి భోజనానికి కూడా ఎండుద్రాక్ష ఉడకబెట్టి వడగట్టిన రసమే వాడేవారు. అలాంటి ఇంట్లోంచి వెళ్ళి నేను వైన్ పాఠాలు చెబుతున్నానంటే మా అమ్మ ఎవరికీ చెప్పుకోలేకపోయింది. ఎవరైనా అడిగితే, మా అమ్మాయి టీచరండి అని ఊరుకునేది.

ఇప్పుడు ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి అడుగుతారు, మేడం, ఏ పాఠం కష్టం అని. పోర్ట్ వైన్ అని చెబుతాను. భోజనం చివర్లో తాగే తియ్యటి వైన్ అది. మెనూ కార్డులో అట్టడుగున ఉంటుంది. కానీ పెద్ద హోటళ్ళ వాళ్ళూ టూరిస్టు షిప్పుల వాళ్ళూ ఇంటర్వ్యూలో దాని గురించే అడుగుతారు. పోర్ట్ తెలిసిన పిల్లకి మిగతావన్నీ తెలిసే ఉంటాయని వాళ్ళ లెక్క. నా అనుభవాలు కొన్ని రాస్తున్నాను. నేను ఎక్కిన మెట్ల గురించి కాదు, నా కళ్ళు తెరిపించిన వాటి గురించి.

మొదటి గుక్క

హోటల్ మేనేజ్‌మెంట్ చదివాక హైదరాబాద్‌లో ఒక హోటల్‌లో చేరాను. అక్కడ రెస్టారెంటు మేనేజరు డిసౌజా గారని గోవా ఆయన. సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ నలగని కోటుతో ఉండేవారు. మధ్యాహ్నం భోజనాలు అయిపోయి హాలు ఖాళీ అయ్యాక కొత్తవాళ్ళని కూర్చోబెట్టి ఒక్కో సీసా గురించి చెప్పేవారు. ఒకరోజు మన దేశంలోనే తయారయ్యే చవక పోర్ట్ తెచ్చి ఒక్కొక్కరికీ మూతలో పట్టేంత పోశారు.

నా జీవితంలో మొదటి వైన్ అదే. రుచి చూసి, దగ్గుమందులా ఉంది సార్ అన్నాను. పక్కవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. ఈ దేశంలో ఎంతోమందికి వైన్ అంటే ఈ సీసాయేనని, క్రిస్మస్ కేకులో వేయడానికి కొన్న పెద్దావిడ మిగిలినదాంట్లోంచి ఒక చిన్న గ్లాసు తాగి సంతోషపడుతుందని, ఆ సంతోషాన్ని చూసి నవ్వే హక్కు మనకి లేదని చెప్పారు. తర్వాత అదే సీసాని బాగా చల్లబరిచి, సగం సోడా కలిపి, నిమ్మచెక్క వేసి మళ్ళీ ఇచ్చారు. పక్కన ఉప్పు జీడిపప్పు పెట్టారు. ఈసారి ఎవరూ దగ్గుమందు అనలేదు.

మీకు కూడా నేను చెప్పేది అదే. చవక పోర్ట్‌ని గది వేడిలో ఉంచి పెద్ద గ్లాసులో పోస్తే పంచదార పాకంలా ఉంటుంది. బాగా చల్లగా, చిన్న గ్లాసులో, పక్కన ఏదైనా ఉప్పటిది పెట్టి ఇవ్వండి. పోర్ట్ పుట్టిన పోర్చుగల్ వాళ్ళ లెక్కలో అది పోర్టే కాదు, ఆ మాట నిజం. మొదటి గుక్కలోనే తన దగ్గర ఉన్నదంతా చెప్పేస్తుంది, తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. అయినా అతిథి అడిగినప్పుడు ముఖం చిట్లించకుండా తెచ్చిపెట్టండి.

అసలు పోర్ట్ ఎలా చేస్తారో కూడా ఆయనే చెప్పారు. ద్రాక్షరసం పులుస్తున్నప్పుడు దాంట్లోని తీపి కొంచెం కొంచెంగా కరిగిపోయి మత్తుగా మారుతుంది. సగం దారిలో ఉండగానే ద్రాక్షతోనే చేసిన ఘాటు సారాయం దాంట్లో పోస్తారు. పులియడం అక్కడితో ఆగిపోతుంది. మిగిలిన తీపి అలాగే నిలిచిపోతుంది, ఘాటు పెరుగుతుంది. ఆపైన పీపాల్లో పెట్టి ఎన్నాళ్ళుంచారు, ఎలా ఉంచారు అన్నదాన్ని బట్టి రకాలు. కొద్దికాలం ఉంచి పండు రుచి పోకుండా సీసాల్లో నింపితే రూబీ. చెక్కపీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచి ఎరుపు పోయి గోధుమ రంగు తిరిగాక తీస్తే టానీ. మంచి పంట వచ్చిన ఏడు ద్రాక్షని విడిగా తీసి, పీపాలో కొద్దికాలమే ఉంచి, మిగతా వయసంతా సీసాలోనే గడపనిస్తే వింటేజ్. తెల్లద్రాక్షతో చేస్తే వైట్ పోర్ట్.

ఆ హోటల్‌లోనే ఒకసారి రిటైరైన ఓడ కెప్టెన్ ఒకాయన స్నేహితులతో భోజనానికి వస్తూ తన పాత వింటేజ్ సీసా వెంట తెచ్చుకున్నారు. బల్లల దగ్గర వడ్డించే మా సీనియర్ స్టీవార్డు చలపతి దాన్ని మామూలు వైన్ అనుకుని ఐసు బకెట్‌లో పడేసి, అటూ ఇటూ తిప్పి, తీసి పోశాడు. గ్లాసులోకి నల్లటి మడ్డి దిగింది. డిసౌజా గారు వచ్చి, తప్పు మాదేనని చెప్పి, సీసాని నిటారుగా నిలబెట్టారు. కొత్త మల్లుగుడ్డ తెప్పించి, ఓపిగ్గా గాజు జగ్గులోకి వడగట్టారు. కెప్టెన్ గారు, పర్వాలేదయ్యా, ఇన్నేళ్ళు ఆగాం, ఇంకాసేపు ఆగలేమా అని, కబుర్లలో పడ్డారు. డిసౌజా గారు ఆ తర్వాత చలపతిని కేకలేయలేదు. పాత వింటేజ్‌ని ముందురోజే నిలబెట్టి ఉంచాలని, మడ్డి కదలకుండా నెమ్మదిగా వంచాలని, అడుగున కాస్త వదిలేయాలని, తెరిచాక ఒకటి రెండు రోజుల్లో తాగేయాలని అందరికీ కలిపి చెప్పారు.

వాళ్ళు వెళ్ళాక నేను ఒక ఖాళీ గ్లాసు తీసి వాసన చూశాను. బాగా పండిన నేరేడుపళ్ళు, పాత పుస్తకాల బీరువా, ఎక్కడో కొంచెం మిరియం. పెళ్ళయి నూజివీడు వచ్చి కాలేజీలో చేరాక కూడా చాలా ఏళ్ళ వరకు అసలు సిసలు పోర్ట్ గురించి నాకు తెలిసింది ఆ ఖాళీ గ్లాసు వాసనే.

బట్టీ పట్టిన జవాబు

కాలేజీలో రాజేష్ అని బాపులపాడు పిల్లవాడు ఉండేవాడు. క్లాసులో ఫస్టు. షిప్పుల కంపెనీ వాళ్ళు విజయవాడలో ఇంటర్వ్యూలు పెడితే అందరికన్నా ముందు వాడి పేరే రాశాం. టానీ పోర్ట్ అంటే ఏంటి అని అడిగితే పీపాలు, ఏళ్ళు, ఊళ్ళ పేర్లు అన్నీ గడగడా చెప్పాడట. అప్పుడు ఇంటర్వ్యూ చేసే ఆయన, రుచి ఎలా ఉంటుంది అని అడిగారు. వాడు, చాలా బాగుంటుంది సార్ అన్నాడు. ఎలా బాగుంటుంది అని మళ్ళీ అడిగితే నోరు పెగల్లేదు. ఉద్యోగం రాలేదు.

తిరుగు బస్సులో నా పక్కన కూర్చుని కాసేపటికి అడిగాడు.

"అసలు ఎలా ఉంటుందండి మేడం?"

"నాకూ తెలీదు రా," అన్నాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళాను. ఒక్క టానీ సీసా, ఒక్క రూబీ సీసా తెప్పించి, పిల్లలకి చెంచాతో రుచి చూపిస్తానని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. గేటు లోపలికి సీసా వచ్చిందని తెలిస్తే మర్నాటికి ఆడపిల్లల తల్లిదండ్రులంతా వచ్చి పిల్లల్ని తీసుకుపోతారన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. ఈత నేర్పమంటారు, నీళ్ళు చూపించొద్దంటారు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన భయం వట్టిది కాదు. మా పిల్లల్లో సగం మంది కూలీల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. తాగుడు అంటే ఏమిటో పుస్తకంలో చదవనక్కర్లేకుండానే తెలిసినవాళ్ళు. అది నాకు తర్వాత అర్థమైంది.

తాండ్ర పాఠం

ఆ వేసవిలో పరీక్షల ముందు ఒకరోజు బజారుకెళ్ళి చిన్న రసాల మామిడిపళ్ళు, ఆ ఏడాది మామిడి తాండ్ర, కిందటేడాది తాండ్ర కొనుక్కుని క్లాసుకి వెళ్ళాను. పిల్లల్ని కళ్ళు మూసుకోమన్నాను. ఒక్కొక్కటీ నోట్లో పెట్టుకుని, ఏం తెలుస్తోందో చెప్పమన్నాను. బాగుంది అన్న మాట మాత్రం ఈ గదిలో ఎవరూ అనకూడదన్నాను.

పుట్టినప్పటి నుంచి తింటున్న పండు గురించి ఏం చెప్పాలో తెలీక ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఒక్కటొక్కటే మాటలు బయటికొచ్చాయి. రసంలో తేనె ఉంది, ముచ్చిక దగ్గర సొన వాసన ఉంది, చివర్లో కొంచెం పులుపు ఉంది. కొత్త తాండ్రలో బెల్లం ఉంది. పాత తాండ్ర దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలోంచి దుర్గ అనే అమ్మాయి లేచింది.

"దీంట్లో ఎండ రుచి ఉందండి మేడం. పండు పోయింది, ఎండ మిగిలింది."

పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. రూబీ అంటే చెట్టు మీంచి దించిన రసం లాంటిదని, టానీ అంటే తాండ్ర లాంటిదని అప్పటికప్పుడు చెప్పాను. రసాన్ని చాప మీద పల్చగా పరిచి, అది ఎండాక మీద ఇంకో పొర, ఆ మీద ఇంకో పొర వేస్తూ పోతే పసుపు పోయి గోధుమ రంగు వస్తుంది కదా. తాజాదనం పోతుంది, దాని చోట వేరే రుచులు వస్తాయి. పీపాలో పోర్ట్‌కి జరిగేదీ అలాంటిదే అన్నాను. మరి వింటేజ్ ఏంటండి అని ఎవరో అడిగితే, మూతికి గుడ్డ కట్టి అటక మీద పెట్టిన ఆవకాయ జాడీ అన్నాను. గదంతా గొల్లున నవ్వింది. కానీ ఆ రోజు తర్వాత రూబీకీ టానీకీ తేడా మా క్లాసులో ఎవరూ మర్చిపోలేదు.

కొత్తగా వచ్చే మాస్టర్లకి నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. పిల్లలకి తెలియని రుచిని తెలియని మాటలతో చెప్పకండి. చాక్లెట్, చెర్రీ, దేవదారు చెక్క అని ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు అప్పజెప్పిస్తే వాళ్ళ నోట్లో అవి రాళ్ళలా ఉంటాయి. మన ఊరి పండుతో మొదలుపెట్టండి. పోలిక పూర్తిగా సరిపోకపోయినా ఫరవాలేదు, నాలుక కదలడం ముఖ్యం.

పద్మమ్మ

దుర్గది కూడా రెడ్డిగూడెమే. వాళ్ళ నాన్న నాంచారయ్య పొడుగాటి కర్రకి వల కట్టిన చిక్కంతో మామిడికాయలు కోసే కూలీ. అమ్మ పద్మ సీజన్లో తోట ఆసామి పెరట్లో తాండ్ర పోసేది. దుర్గ బాగా చదివే పిల్ల. చివరి సంవత్సరంలో ఉన్నట్టుండి కాలేజీ మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేనే ఆటో ఎక్కి వెళ్ళాను.

ఆసామి పెరట్లో చాపలు పరిచి ఉన్నాయి. పద్మమ్మ మోచేతుల దాకా రసంతో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, కొంగుతో చేతులు తుడుచుకుని, కుర్చీ వేసింది. మర్యాదకి లోటు చేయలేదు గానీ ముఖం మాత్రం బిగుసుకునే ఉంది. ఎవరో ఆమెకి చెప్పారట, కాలేజీలో నీ కూతురికి మందు పోయడం నేర్పుతున్నారని.

పద్మమ్మ తన అన్నయ్య గురించి చెప్పింది. తండ్రి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని అన్నయ్యే పెంచాడు. పెళ్ళి కూడా ఆయనే చేశాడు. మొదట సారా, తర్వాత క్వార్టర్ సీసాలు. పనికి పోవడం మానేశాడు. చెల్లెలు పిల్లల కోసమని పంపిన బియ్యం కూడా అమ్ముకుని తాగాడు. చివరికి మైలవరం రోడ్డు పక్కన పడి ప్రాణం పోయి ఉంటే ఎవరో చూసి కబురు పంపారు. అప్పటికి దుర్గ బడికి వెళ్ళే పిల్ల. మావయ్య ఇంటికి వస్తే తలుపు చాటున దాక్కునేదట.

"మా అన్నయ్య మంచోడండి మేడం గారూ," అంది పద్మమ్మ. "తాగితే మాత్రం మనిషి కాదు. ఆ పాడుదాన్ని నా కూతురి చేత్తో పోయిస్తానంటారా?"

వైన్ వేరు, సారా వేరు అని చెప్పొచ్చు. ఆమె ముందు అది తెలివితక్కువ మాట. మీరు తప్పంటే నేను కాదనను అన్నాను. నేను నేర్పేది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాను. ఎలా పోయాలో నేర్పుతాం, ఎప్పుడు పోయకూడదో కూడా నేర్పుతాం. అతిథికి చాలయ్యిందని గుర్తుపట్టడం, అవమానం జరగకుండా ఆపడం, గ్లాసు పక్కన నీళ్ళు పెట్టడం, వినకపోతే పైవాళ్ళని పిలవడం, అదీ మా పాఠంలో భాగమే అన్నాను.

"ఆపమంటే ఆపుతారేంటండి తాగేవాళ్ళు?"

"అందరూ ఆపరు పద్మమ్మా."

అప్పటిదాకా పెరటి గుమ్మంలో నిలబడ్డ దుర్గ ముందుకొచ్చింది. తల్లి ముఖం చూడకుండా చాపల వైపు చూస్తూ మాట్లాడింది.

"మావయ్యకి పోసినోడు ఒక్కరోజు కూడా ఇక చాలు అనలేదమ్మా. నేను అంటాను."

పద్మమ్మ వెళ్ళి చాప ముందు కూర్చుని, గిన్నెలోంచి రసం తీసి అరచేత్తో పల్చగా పరవడం మొదలుపెట్టింది. ఒకచోట ఎక్కువై, ఇంకోచోట తక్కువై, మళ్ళీ సరిచేసుకుంది. నేను కాసేపు కూర్చుని వచ్చేశాను. ఆవిడ సరే అనలేదు, వద్దనీ అనలేదు. సోమవారం దుర్గ క్లాసులో ఉంది.

బల్లలు తుడిచే ఉద్యోగం

షిప్పు కంపెనీ ఇంటర్వ్యూకి ఈసారి కొచ్చిన్ నుంచి ఒకావిడ వచ్చారు. దుర్గని టానీ గురించే అడిగారు. నేను ఇంతవరకు తాగలేదు మేడం, మా ఇంట్లో తాగుడు వల్ల చాలా పోయింది, కానీ తాండ్ర గురించి చెప్పగలను అని దుర్గ మొదలుపెట్టింది. ఆవిడ చాలాసేపు విన్నారట. తర్వాత ఇంట్లో తాగుడు సంగతి గురించి కూడా అడిగారట. నువ్వు ఈ పని చేయగలవా, నీకు కష్టంగా ఉండదా అని. కష్టంగా ఉంటుంది మేడం, అందుకే జాగ్రత్తగా చేస్తాను అని చెప్పానంది దుర్గ.

ఉద్యోగం వచ్చింది. వైన్ పోసే ఉద్యోగం కాదు. బఫే హాల్లో ఎంగిలి ప్లేట్లు తీసి బల్లలు తుడిచే ఉద్యోగం. నేను చిన్నబుచ్చుకున్నాను. దుర్గ మాత్రం సంతోషంగా సూట్‌కేసు సర్దుకుంది. పిల్లలూ, మీకు కూడా మొదట అదే దొరుకుతుంది. నల్లకోటు వేసుకుని సీసా పట్టుకునే ముందు చాలా ప్లేట్లు ఎత్తాలి. అందులో చిన్నతనం లేదు. ఎవరు ఏం తింటున్నారో, ఏం వదిలేస్తున్నారో ఆ హాల్లో తెలిసినంతగా ఎక్కడా తెలియదు.

కొన్ని కాంట్రాక్టులు గడిచాక ఆమెని వైన్ స్టీవార్డుని చేశారు. అప్పటికి నేను రిటైరయ్యాను. ఆ కొత్తలోనే ఒక అతిథి బాగా తాగి మళ్ళీ పోయమంటే దుర్గ నీళ్ళ గ్లాసు పెట్టి, ఇవాళ్టికి ఇంక పోయలేనండి అని చెప్పిందట. ఆయన గట్టిగా అరిచి సూపర్‌వైజరుకి ఫిర్యాదు చేశాడు. సూపర్‌వైజరు ఆమె పక్షానే నిలబడ్డాడు. మర్నాడు ఆ పెద్దమనిషి మామూలుగానే వచ్చి కాఫీ అడిగాడట. ఇదంతా దుర్గే ఫోన్లో నాకు చెప్పింది.

సగమే కరెక్టు

ఒకరోజు మధ్యాహ్నం వీడియో కాల్ వచ్చింది. షిప్పు పోర్చుగల్‌లో పోర్టో దగ్గర ఆగింది. దుర్గకి సెలవు. ఫోన్లో వెడల్పాటి నది కనిపించింది. అవతలి ఒడ్డున వరసగా ఎర్ర పెంకుల గోదాములు. వాటి లోపల, చల్లటి చీకట్లో, మనిషికన్నా ఎత్తయిన నల్లటి పీపాలు. ఇన్నేళ్ళు నేను బోర్డు మీద సుద్దముక్కతో గీసినవి అవే. నేను గీసినదానికన్నా అవి చాలా పెద్దవి.

అక్కడ ఒకామె వరసగా గ్లాసులు పెట్టి ఒక్కొక్కటే రుచి చూపించిందట. ఉమ్మేయడానికి గిన్నె కూడా ఇచ్చిందని, తాను వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, చాలావరకు ఉమ్మేశానని దుర్గ చెప్పింది. వైట్ పోర్ట్‌లో చేదు సోడాలాంటి టానిక్ నీళ్ళు, ఐసు కలిపిస్తే ఎండాకాలం మన నిమ్మసోడాలా హాయిగా ఉందంది. రూబీ గురించి నేను చెప్పింది సరిగ్గానే ఉందంది. తర్వాత కొంచెం మొహమాటపడింది.

"తాండ్ర సంగతి మాత్రం సగమే కరెక్టండి మేడం."

"ఏది తప్పు?"

"తాండ్రలో మంట లేదు కదండి. దీంట్లో లోపల సన్నగా మండుతుంది. వేయించిన ఆక్రోటు పప్పు, నారింజ తొక్క. మింగేశాక కూడా అలా ఉండిపోతుంది. పదేళ్ళదైతే మన తాండ్రకి దగ్గరండి. ఇరవై ఏళ్ళదానికి మాత్రం మన దగ్గర పోలిక దొరకట్లేదు, వెతుకుతున్నా."

నాకు ఆ సాయంత్రమంతా సంతోషంగా ఉంది. నా తర్వాత కాలేజీలో చేరిన మాస్టారికి వెంటనే ఫోన్ చేసి, తాండ్ర పాఠంలో మంట సంగతి కూడా చెప్పమన్నాను. పాఠం చెప్పినవాళ్ళని దిద్దే విద్యార్థి దొరికితే మన ఉద్యోగం బాగానే జరిగినట్టు లెక్క.

ఆదివారం మధ్యాహ్నం

ఈ వేసవిలో దుర్గ సెలవు మీద వచ్చింది. రావడానికి ముందే చెప్పింది, మేడం, మీకోసం రెండు సీసాలు తెస్తున్నానని. ఒకటి మంచి రూబీ, ఇంకొకటి ఇరవై ఏళ్ళ టానీ. నేను విజయవాడ నుంచి మన చవక పోర్ట్ ఒకటి తెప్పించి ఉంచాను. మూడూ పక్కపక్కన పెట్టి చూడాలని నా ఆశ.

ఆ ఉదయం చర్చికి వెళ్ళి వచ్చాను. దాచుకోవలసినదేమీ లేదు కాబట్టి రాస్తున్నాను. మా ఆయన లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన తాగరు. జీడిపప్పు గిన్నె తన దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. దుర్గ వాళ్ళ అమ్మని కూడా తీసుకొచ్చింది. పద్మమ్మ సంచీ నిండా రసాలు తెచ్చింది. ఎంత పిలిచినా బల్ల దగ్గరికి రాకుండా, వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుని ముచ్చికలు తీయడం మొదలుపెట్టింది.

దుర్గ మూడు సీసాల్నీ కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసింది. చిన్న గ్లాసుల్లో తక్కువగా పోసింది. ఆమె చేయి చూస్తూ ఉండిపోయాను. సీసా చివర చిన్నగా తిప్పి బొట్టు జారకుండా ఆపడం డికాషన్‌తో నేర్పింది నేనే. ఆ ఒడుపు మాత్రం ఇప్పుడు పూర్తిగా ఆమెది.

చవక సీసా ముందు. చల్లగా ఉంది, తీపిగా ఉంది, జీడిపప్పుతో బాగానే ఉంది. డిసౌజా గారు ఇప్పుడు లేరు. ఉంటే ఆయనకి ఫోన్ చేసి, నేను నవ్వలేదు సార్ అని చెప్పేదాన్ని. తర్వాత రూబీ. అల్లనేరేడు పళ్ళు గుప్పెడు ఒక్కసారి నోట్లో వేసుకున్నట్టు, చివర్లో నాలుక పక్కన కొంచెం వగరు. నల్ల చాక్లెట్ ముక్కతో ఇంకా బాగుంది. పద్మమ్మ తెచ్చిన రసం పండు తిని రూబీ తాగి చూశాను. వద్దు. మీరెవరూ ఆ పని చేయకండి. మన రసం తీపి ముందు పోర్ట్ పులిసిన నీళ్ళలా అయిపోతుంది. పండుని పండుగా తినండి, వైన్‌ని వైన్‌గా తాగండి.

ఆఖరికి టానీ. దాని రంగు కిటికీలోంచి వచ్చే వెలుతురులో చూశాను. అంచుల్లో పసుపు, మధ్యలో రాగి. వాసన చూశాను, మళ్ళీ చూశాను. తాగడానికి భయం వేసింది, నవ్వకండి. ఇన్నేళ్ళు ఎంతోమంది పిల్లల చేత దీని గురించి పరీక్షలు రాయించాను. మార్కులు వేశాను. ఒక్క గుక్క తీసుకున్నాను. ముందు కాల్చిన పంచదార. తర్వాత పప్పులు. తర్వాత దుర్గ చెప్పిన ఆ సన్నటి మంట, గొంతు దాటి ఛాతీలోకి దిగింది. మింగేసి చాలాసేపు కూర్చున్నా అది నాతోనే ఉంది. చిన్న తాండ్ర ముక్క తిని మళ్ళీ ఒక గుక్క తాగాను. రెండూ ఒకదానికొకటి సరిగ్గా అతికాయి. నేను చెప్పిన పాఠం సగమే కరెక్టు, కానీ ఆ సగం మాత్రం నిజంగానే కరెక్టు. నా కళ్ళు చెమర్చాయి. మా ఆయన, ఘాటు ఎక్కువైందా అని అడిగారు. అవునన్నాను.

పద్మమ్మ అప్పటిదాకా మావైపు చూడనట్టే చూస్తోంది. లేచి వచ్చి, కూతురి చేతిలోని గ్లాసు ఇటివ్వమంది. తాగలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆ వాసనతో ఆమెకి ఏం గుర్తొస్తుందో అని భయపడ్డాను. తర్వాత గ్లాసు తిరిగి ఇచ్చేసింది.

"ఆ వాసన కాదులే," అంది, అంతే.

దుర్గ సీసాకి కార్కు బిరడా నొక్కి పెట్టింది. పద్మమ్మ చూసి అడిగింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. ఇవాళ్టికి చాలు."

"సీసాలో ఇంకా చాలా ఉంది గదే."

"టానీ పాడవదమ్మా. ఫ్రిజ్‌లో పెడితే నెల్లాళ్ళుంటుంది. మేడం ఎప్పుడైనా కొంచెం తాగుతారు."

పద్మమ్మ సీసాని చేతిలోకి తీసుకుంది. లోపల వైన్ ఎంతుందో వెలుతురుకి పెట్టి చూసింది. బిరడాని బొటనవేలితో నొక్కి, గట్టిగా పడిందో లేదో చూసుకుంది.

"మా అన్నయ్య మళ్ళీ మూత పెట్టడం నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు," అంది నాతో, నెమ్మదిగా. తర్వాత వంటింట్లోకి వెళ్ళి, మా ఫ్రిజ్ తలుపు తానే తీసి, పాల గిన్నె కొంచెం పక్కకి జరిపి, సీసాని జాగ్రత్తగా నిలబెట్టి వచ్చింది.